రోచెస్టర్ మ్యూజియంలో ఒక ఎండాకాలం బొమ్మ: జార్జ్ హార్వీ గీసిన పిట్స్‌ఫర్డ్ కాలువ ఊరు

నయాగరా వెళ్లే మనవాళ్లలో చాలామందికి న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్ అంటే దారిలో కనిపించే ఒక బోర్డు, అంతే. ఈసారి వెళ్లేటప్పుడు ఒక పూట మిగుల్చుకుని అక్కడ యూనివర్సిటీ అవెన్యూలో ఉన్న మెమోరియల్ ఆర్ట్ గ్యాలరీకి వెళ్లండి. ఎల్ గ్రెకో వేసిన బొమ్మ ఉంది, మోనే వేసిన బొమ్మ ఉంది, ఇటలీ నుంచి తెచ్చిన పాత పైప్ ఆర్గన్ ఉంది, అన్నీ చూడాల్సినవే. కానీ నేను ఇది రాస్తున్నది ఒక్క బొమ్మ కోసం. 1837లో జార్జ్ హార్వీ అనే ఆయన వేసిన ‘పిట్స్‌ఫర్డ్ ఆన్ ది ఈరీ కెనాల్’. చెక్క పలక మీద నూనె రంగులు, వెడల్పు మహా అయితే రెండడుగులు. పెద్ద పెద్ద పటాల మధ్య దాన్ని దాటేసి వెళ్లిపోవడం చాలా తేలిక. దాటేయకండి. నా లెక్కలో ఆ మ్యూజియంలో టికెట్ డబ్బులకి న్యాయం చేసే మొదటి బొమ్మ అదే.

బొమ్మలో పెద్దగా ఏమీ జరగదు. ఎండాకాలం, గాలి స్తంభించిపోయింది, కాలువ నీళ్లు కదలడం లేదు, గట్టు మీది ఊరంతా ఆ నీళ్లలోకి దిగిపోయి కనిపిస్తుంది. పడవ ఉంది, మనుషులున్నారు, వాళ్లు చిన్నగా ఉన్నారు. పై భాగమంతా ఆకాశం. ఆ ఆకాశంలోనే ఆయన పనితనం మొత్తం ఉంది. వేడికి గాలి పలచని పాలలా మారి దూరంగా ఉన్న వాటి అంచులు మెత్తబడిపోతాయి చూడండి, అది రంగుతో పట్టుకోవడం ఎంత కష్టమో బొమ్మలు వేసేవాళ్లనడిగితే చెబుతారు. నీలం కాస్త ఎక్కువైతే చల్లదనం వచ్చేస్తుంది, పసుపు ఎక్కువైతే సాయంత్రం అయిపోతుంది. హార్వీ ఆ రెండిటికీ మధ్యలో నిలబెట్టాడు. ఏసీ హాల్లో నిలబడి ఉన్నా మెడ వెనక ఉక్క తగిలినట్టు అనిపిస్తుంది, నేను ఊరికే పొగడటానికి అనడం లేదు.

ఇది ఎలా సాధ్యమైందో ఆయన గతం చూస్తే కొంత తెలుస్తుంది. హార్వీ పుట్టింది 1800లో, ఇంగ్లండ్‌లో. ఇరవై ఏళ్ల వయసులో అమెరికా వచ్చాడు, లోపలి ప్రాంతాలు తిరిగాడు, తర్వాత మినియేచర్లు గీసి బతికాడు. అంటే లాకెట్లోనో అరచేతిలోనో పట్టేంత చిన్న ముఖచిత్రాలు. కెమెరా రాని కాలంలో డబ్బున్న ఇళ్లలో వాటికి మంచి గిరాకీ ఉండేది. ఆ పనికి చెయ్యి వణక్కూడదు, చిన్న చిన్న చుక్కలతో చర్మం రంగు తేవాలి. తర్వాత 1830ల్లో హడ్సన్ నది ఒడ్డున హేస్టింగ్స్ దగ్గర స్థిరపడి ప్రకృతి దృశ్యాల వైపు మళ్లినప్పుడు అదే చుక్కల పద్ధతిని ఆకాశం మీద పెట్టాడు. బుగ్గ మీద నీడ ఎలా మారుతుందో తెలిసిన చెయ్యి మబ్బు మీద వెలుగు ఎలా మారుతుందో కూడా పట్టుకుంది. అందుకే ఈ బొమ్మకి రెండు దూరాలున్నాయి. నాలుగడుగుల దూరం నుంచి చూస్తే ఎండ, గాలి, నిశ్శబ్దం. ముక్కు దగ్గరికి తీసుకెళ్తే (గార్డు చూస్తుంటాడు, మరీ దగ్గరకి వద్దు) కిటికీలు, పైకప్పులు, మనుషుల టోపీలు అన్నీ ఓపిగ్గా ఒక్కొక్కటీ వేసి ఉంటాయి. రెండూ చూడండి, ఒకటి చూసి వచ్చేస్తే సగం చూసినట్టే.

ఆ రోజుల్లో ఆయనకి ఒక పెద్ద ఆలోచన ఉండేది. అమెరికా వాతావరణాన్ని రోజులో వేర్వేరు వేళల్లో, ఏడాదిలో వేర్వేరు రుతువుల్లో బొమ్మల వరసగా వెయ్యాలని. వాటర్ కలర్స్‌లో నలభై దాకా వేశాడు. ‘అట్మాస్ఫెరిక్ ల్యాండ్‌స్కేప్స్’ అని వాటికి పేరు. గాలి ఆడని ఉక్క పూట కోసం ఆ వరసలో ఆయన ఎంచుకున్న చోటు పిట్స్‌ఫర్డ్ కాలువే. అన్నిటినీ అచ్చు వేయించి చందాదారులకు అమ్మాలనుకున్నాడు కానీ 1841లో లండన్‌లో మొదటి విడతగా నాలుగే బయటికి వచ్చాయి, ఆ తర్వాత అది సాగలేదు. నాకు దీని మీద నిజంగా బాధగా ఉంటుంది. ఫ్రెంచి చిత్రకారుడు మోనే ఒకే గడ్డివాముని వేర్వేరు వేళల్లో వెయ్యడానికి యాభై ఏళ్ల ముందే ఒక మనిషి వేళల్ని, వాతావరణాన్ని వరసగా వెయ్యాలనుకున్నాడు, అతని పేరు ఇప్పుడు ఎంతమందికి తెలుసు?

ఇక ఆ ఊరి సంగతి. దీన్ని తెలుసుకోకుండా బొమ్మ చూస్తే అందమైన పల్లెటూరు అనుకుని వచ్చేస్తాం. కాదు. అది డబ్బు పారుతున్న ఊరు.

ఈరీ కాలువ తవ్వకం 1817 జులై 4న న్యూయార్క్ రాష్ట్రంలోనే ఉన్న రోమ్ అనే ఊరి దగ్గర మొదలైంది, 1825లో పూర్తయింది. హడ్సన్ నది మీద ఆల్బనీ నుంచి ఈరీ సరస్సు ఒడ్డున బఫలో దాకా 363 మైళ్లు, 83 లాకులు. పై వెడల్పు 40 అడుగులు, లోతు 4 అడుగులు. అంటే మనిషి నిలబడితే ఛాతీ దాకా కూడా రాని నీళ్లు! ఆ కాస్త నీటి మీద ఒక దేశం వ్యాపారం మొత్తం దిశ మార్చుకుంది. గవర్నర్ డివిట్ క్లింటన్ ఈ పని తలకెత్తుకున్నప్పుడు జనం దాన్ని క్లింటన్ గుంట అని ఎగతాళి చేశారు. పూర్తయ్యాక బఫలో నుంచి న్యూయార్క్‌కి టన్ను సరుకు పంపడానికి వంద డాలర్ల దాకా అయ్యే ఖర్చు పది డాలర్ల దగ్గరికి పడిపోయింది. రోచెస్టర్ మిల్లుల్లో ఆడిన గోధుమ పిండి పీపాలు, కలప, ఉప్పు, అన్నీ ఈ దారినే తూర్పుకి వెళ్లేవి, అటు నుంచి బట్టలు, పనిముట్లు, కొత్తగా భూములు వెతుక్కుంటూ కుటుంబాలకు కుటుంబాలు పడమరకి వచ్చేవి. రోచెస్టర్ జనాభా 1820లో సుమారు పదిహేను వందలు, 1840కల్లా ఇరవై వేలు. దానికి తూర్పున కొద్ది మైళ్ల దూరంలో పిట్స్‌ఫర్డ్. కాలువ వచ్చాక రేవు, గోదాములు, సత్రాలు వచ్చాయి, 1827లో అది పద్ధతి ప్రకారం గ్రామంగా ఏర్పడింది. పదేళ్ల తర్వాత హార్వీ బొమ్మ. కాలువ నిర్మాణం కోసం చేసిన అప్పు కూడా 1837 నాటికి వసూలైన సుంకాలతోనే తీరిపోయింది.

కాబట్టి బొమ్మలో ఊరు అంత నింపాదిగా, అంత తీరుబడిగా కనిపించడం ఉత్తినే కాదు. ఆ కాలువ అప్పటికి పదిహేనేళ్లుగా వాళ్ల ముంగిట్లోకి సరుకు తెచ్చి దింపుతోంది. గాలి లేకపోతే తెరచాప పడవ ఆగిపోతుంది, ఈ పడవలకి గాలితో పని లేదు, గట్టు మీద నడిచే గుర్రాలో కంచరగాడిదలో తాడుతో లాగుతాయి. అంటే ప్రకృతి మొత్తం కదలకుండా పడుకున్న మధ్యాహ్నం కూడా వ్యాపారం నడుస్తూనే ఉంటుంది. నా ఉద్దేశంలో హార్వీ ఈ చోటుకి సరిగ్గా ఈ వాతావరణాన్నే ఎంచుకోవడంలో ఉన్న తెలివి ఇదే. తుఫానో, సూర్యాస్తమయమో వేసి ఉంటే చూసేవాళ్ల కన్ను ఆకాశం మీదే ఉండిపోయేది. ఉక్కపోత వేశాడు కాబట్టి కన్ను నెమ్మదిగా కిందికి దిగి ఊరంతా తిరుగుతుంది. గోదావరి కాలువల్లో ఒకప్పుడు మనుషులు గట్టు మీద నడుస్తూ తాడుతో పడవలు లాగేవారని మా ఇంట్లో పెద్దవాళ్లు చెబుతుండేవారు, ఆ కాలువలు ఈ బొమ్మ వేశాక పదిహేనేళ్లకి గానీ రాలేదు, ధవళేశ్వరం ఆనకట్ట 1852లో కదా అయింది. అందుకే కాలువ గట్ల మీద పెరిగిన మనవాళ్లకి ఈ బొమ్మ కొంచెం ఎక్కువ దగ్గరగా అనిపిస్తుందని నా నమ్మకం.

ఇంకో సంగతి కూడా బొమ్మ ముందు నిలబడ్డప్పుడు గుర్తుపెట్టుకోవాలి. అదే 1837 మే నెలలో న్యూయార్క్ బ్యాంకులు నోట్లకి బదులు వెండి బంగారాలు ఇవ్వడం ఆపేశాయి, దేశమంతా ఆర్థిక సంక్షోభం, అది ఏళ్ల తరబడి సాగింది. మరోవైపు రద్దీ తట్టుకోలేక 1836లోనే కాలువని 70 అడుగుల వెడల్పు, 7 అడుగుల లోతుకి పెంచే పని మొదలుపెట్టారు, అది 1862 దాకా సాగింది. రైళ్లు కూడా అప్పటికే వచ్చేస్తున్నాయి. అంటే ఇది ఆ ఇరుకు కాలువ చివరి మంచి రోజుల బొమ్మ. ఆయనకి అవన్నీ తెలిసి వేశాడా లేదా అన్నది నాకు ముఖ్యం కాదు, మనకి తెలిసి చూస్తే మాత్రం ఆ ప్రశాంతత మరో రకంగా కనిపిస్తుంది.

నచ్చని విషయం కూడా చెప్పాలి. ఈ బొమ్మలో శ్రమ లేదు. కాలువని పారలతో, గునపాలతో, తుపాకి మందుతో తవ్వారు, ఆ కూలీల్లో ఐర్లండ్ నుంచి వచ్చినవాళ్లు చాలామంది. మోంటెజూమా చిత్తడి నేలల్లో జ్వరాలతో ఎందరో కూలీలు పోయారు. గుర్రాల వెంట నడిచేవాళ్లలో చిన్న పిల్లలుండేవారు, ఎండైనా వానైనా గంటల తరబడి నడక, చేతికొచ్చేది ఏ కొంచెమో. అసలా భూమే సెనెకా అనే అక్కడి ఆదివాసీ జనానిది, 1788లో ఫెల్ప్స్, గోరమ్ అనే ఇద్దరు వ్యాపారులు లక్షల ఎకరాలు కొనుగోలు పేరుతో వాళ్ల చేతిలోంచి తీసుకున్నారు. ఇదంతా జరిగి యాభై ఏళ్లు కూడా కాలేదు, బొమ్మలో దాని జాడ లేదు. ఒక్క బొమ్మలో అన్నీ ఎలా పెడతారు అంటారా? నిజమే. అయినా ఆ రోజుల ప్రకృతి దృశ్యాల్లో ఎక్కువ భాగం ఇలాగే ఉంటాయి, ఊరు వెలుగుతుంటుంది, ఊరిని నిలబెట్టిన చేతులు ఉండవు. కొనేవాళ్లు ఊరి ఆసాములు, వాళ్లకి కావాల్సింది ఊరి గొప్పతనం. పిల్లల్ని తీసుకెళ్తే ఈ సంగతి అక్కడే బొమ్మ ముందు చెప్పండి, ఐదో తరగతి పిల్లలకి బాగా అర్థమవుతుంది. అసలు న్యూయార్క్ స్కూళ్లలో ఈరీ కాలువ పాఠం నాలుగో తరగతిలోనే ఉంటుంది.

మ్యూజియం గురించి కొంచెం. 1913లో ఎమిలీ సిబ్లీ వాట్సన్ అనే ఆవిడ చిన్న వయసులోనే చనిపోయిన తన కొడుకు, ఆర్కిటెక్ట్ జేమ్స్ అవెరెల్ జ్ఞాపకంగా దీన్ని కట్టించి యూనివర్సిటీ ఆఫ్ రోచెస్టర్‌కి ఇచ్చారు. పేరులో మెమోరియల్ అని ఉండేది అందుకే. సోమ, మంగళవారాలు సెలవు. గురువారం రాత్రి దాకా తీసి ఉంటుంది, సాయంత్రం నుంచి టికెట్ సగం ధర, మొదటిసారి వెళ్లేవాళ్లకి నేనైతే అదే చెబుతాను. పార్కింగ్‌కి డబ్బులు లేవు, న్యూయార్క్ సిటీ మ్యూజియాల్లా జనంతో తోపులాట లేదు, ఒక బొమ్మ ముందు ఎంతసేపు నిలబడినా వెనక నుంచి ఎవరూ జరగమనరు. మ్యూజియాలు బొమ్మల్ని అటూ ఇటూ మారుస్తుంటాయి, అప్పుడప్పుడు వేరే ఊళ్లకి పంపుతుంటాయి, కాబట్టి ప్రత్యేకంగా దీని కోసమే వెళ్లేవాళ్లు ముందు ఒక ఫోన్ చేసి గోడ మీద ఉందో లేదో అడిగి బయలుదేరండి.

హార్వీని చూశాక వెంటనే బయటికి రాకుండా అక్కడే ఇంకో రెండు బొమ్మలు వెతకండి. అమెరికన్ చిత్రకారుడు విన్‌స్లో హోమర్ 1894లో వేసిన ‘ది ఆర్టిస్ట్స్ స్టూడియో ఇన్ ఏన్ ఆఫ్టర్‌నూన్ ఫాగ్’, మోనే 1903 నాటి ‘వాటర్లూ బ్రిడ్జ్, వెయిల్డ్ సన్’. ఒకదాంట్లో సముద్రపు పొగమంచు, ఇంకోదాంట్లో లండన్ పొగ. హార్వీ దాంట్లో ఎండ మసక. ముగ్గురూ వేసింది గాలినే. కానీ హోమర్, మోనే ఇద్దరూ గాలి కోసం వస్తువుల్ని కరిగించేశారు, ఇల్లు ఒక ముదురు ఆకారం, వంతెన ఒక నీలం చార. హార్వీకి ఆ ధైర్యం లేదు అనేవాళ్లుంటారు. నాకు అలా అనిపించదు. ఆయన గాలినీ ఉంచాడు, ఇంటి కిటికీనీ ఉంచాడు, రెండూ ఒకే పలక మీద గొడవ పడకుండా ఉండటం తక్కువ పనేం కాదు. మూడింటినీ ఒకే పూట ఒకే భవనంలో చూడగలగడం అదృష్టం అనే అంటాను.

తర్వాత పిట్స్‌ఫర్డ్‌కే వెళ్లండి, కారులో ఇరవై నిమిషాలు పట్టొచ్చు. మన రోచెస్టర్ తెలుగువాళ్లకి ఆ పేరు కొత్త కాదు, హిందూ దేవాలయం ఉన్న పినకిల్ రోడ్డు పిట్స్‌ఫర్డ్‌దే, ఆర్‌ఐటీలో (రోచెస్టర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ) చదివే పిల్లలకీ దగ్గరే. అయినా గుడికి వెళ్లి ప్రసాదం తీసుకుని తిరిగి వచ్చేసేవాళ్లే ఎక్కువ, కాలువ దాకా వెళ్లేవాళ్లు తక్కువ. షోన్ ప్లేస్ అని కాలువ ఒడ్డు వీధి ఉంది, పాత గోదాములూ ధాన్యం కట్టడాలూ ఇప్పుడు దుకాణాలు, తిండి చోట్లు. ఒకప్పుడు గుర్రాలు నడిచిన గట్టే ఇప్పుడు సైకిళ్లు, నడకల దారి. అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చి ఉంటే వాళ్లకి నయాగరా మెట్లు, జనం కంటే ఇదే ఎక్కువ నచ్చుతుంది, దారి అంతా చదునుగా ఉంటుంది, కూర్చోవడానికి బెంచీలున్నాయి. కొంచెం తూర్పుకి నడిస్తే గ్రేట్ ఎంబాంక్‌మెంట్ వస్తుంది. అక్కడ ఐరన్‌డెక్వాయిట్ వాగు లోయ మీదుగా దాదాపు మైలు పొడవున, సుమారు 70 అడుగుల ఎత్తున మట్టి కట్ట వేసి దాని నెత్తి మీద కాలువని నడిపించారు, 1822లో. పక్కన లోయలో చెట్ల కొసలు మన కాళ్ల కింద ఉంటాయి, పడవ మన పక్కనే పోతుంది. యంత్రాలు లేని రోజుల్లో! హార్వీ ఆ కట్టని ఎందుకు వెయ్యలేదా అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

ఒక జాగ్రత్త, బొమ్మలో ఉన్న ఇరుకు కాలువ మీకు అక్కడ కనిపించదు. 1918లో తెరిచిన బార్జ్ కెనాల్ (పెద్ద సరుకు పడవల కాలువ) కోసం బాగా వెడల్పు చేశారు. శీతాకాలంలో వెళ్తే నీళ్లు చాలావరకు వదిలేసి ఉంటాయి, బురద కనిపిస్తుంది, నిరాశపడతారు. మే చివర నుంచి అక్టోబర్ మొదటి వారాల దాకా వెళ్లండి, జులై ఆగస్టుల్లో గాలి ఆడని మధ్యాహ్నం దొరికితే ఇంకా మంచిది. ఎవరైనా వేసవిలో అక్కడ ఎండ ఎక్కువ, సాయంత్రం వెళ్లండి అంటారు. హార్వీ చూసింది చూడాలంటే ఆ ఎండలోనే వెళ్లాలి, నీళ్ల సీసా పట్టుకెళ్లండి.

చివరగా ప్రింట్ల విషయం. ఈ బొమ్మ పాతది, కాపీరైట్ గొడవ లేదు, అందుకని ఆన్‌లైన్‌లో చాలా చోట్ల దీని ప్రింట్లు అమ్ముతున్నారు. హాల్లో పెట్టుకుందామని ఒక చోట తెప్పించాను (పేరు వద్దులెండి). ఆకాశం నారింజ రంగులో వచ్చింది, పాలలా ఉండాల్సిన మసక పోయి సాయంత్రం అయిపోయింది, పైగా సైజు మూడు రెట్లు పెంచడంతో మనుషులు మచ్చల్లా తయారయ్యారు. ఫోటోలు పంపితే సగం డబ్బులు వెనక్కిచ్చారు. కొనాలనుకుంటే అసలు సైజుకి దగ్గరగా, రెండడుగుల లోపే తీసుకోండి, మెరిసే కాగితం కాకుండా మ్యాట్ అడగండి, ఆర్డర్ చేసే ముందు వాళ్లు పెట్టిన ఫోటోని మ్యూజియం వెబ్‌సైట్‌లో ఉన్న ఫోటో పక్కన పెట్టి ఆకాశం రంగు ఒక్కటి పోల్చి చూడండి. అది సరిగ్గా ఉంటే మిగతాది చాలావరకు సరిగ్గానే వస్తుంది.